ఒంటిచేత్తో

ఎడమచేతికి ఏదో ఒక పని చెప్పాలి, లేకపోతే అది తనంతట తానే లేస్తుంది, అనుకుంటున్నాడు బల్దిరి. రొట్టెముక్క పట్టుకుని ఉండమనాలి. లేదంటే బల్ల కింద మోకాలి మీద పడి ఉండి లాగు గుడ్డ నలుపుకోమనాలి. ఇరవై రెండేళ్ళపాటు కుడిచేతికి తోడుగా నీళ్ళ గిన్నె దాకా వెళ్ళిన చెయ్యి అది. కొండ మీది మఠంలో ఎవరూ ఒంటిచేత్తో తాగరు. మఠాధిపతి మొదలుకుని మేకలు కాసే బ్రదర్ దాకా అందరూ గిన్నెను రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డ తల పట్టుకున్నట్టు పట్టుకుని తాగుతారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. అక్కడ అడగడమే తక్కువ. అసలు మాటలే తక్కువ. జూలైలో తుపాకులవాళ్ళు మఠం మీద పడితే కొండ దిగి పారిపోయి వచ్చాక మాటలు నేర్చుకున్నాడు, గడ్డం తీసేశాడు, రెండు మూడు బూతులు కూడా నోటికి పట్టాయి. ఈ చెయ్యి మాత్రం పైనే ఉండిపోయింది.

బల్లకి అవతల కూచున్న మనిషి ఆ చేతినే చూస్తున్నాడు.

సదుర్ని అని పేరు చెప్పాడు. పోయిన గురువారం దిగాడు. దారాలు అమ్ముకుంటూ ఊళ్ళు తిరుగుతానన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. బక్కపలచటి మనిషి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ కలిపి నొక్కి ఉంచుతాడు, ఉప్పు చిటికెడు తీసుకుని ఎక్కడ వెయ్యాలో మర్చిపోయినవాడిలా. కోటు లోపలి జేబులో పొగాకు డబ్బా ఉంది. దాన్ని పైనుంచే తడుముకుంటాడు గాని బయటికి తియ్యడు. నాలుగు రోజుల్లో ఒక్క చుట్ట కాల్చలేదు.

"మొహమాటపడకండి సదుర్నిగారూ, శనగలు ఇంకా ఉన్నాయి," అంది తెక్లమ్మ. ఆ ఇల్లు ఆవిడదే. మొగుడు పోయాక మేడ మీది రెండు గదులూ అద్దెకిచ్చి, కింద వంటగదిలో అద్దెవాళ్ళకి ఇంత వండి పెడుతోంది. "మా బల్దిరి చూడండి, తిన్నాక పళ్ళెం కడగక్కర్లేదు. అలా తుడిచేస్తాడు."

బల్దిరి రొట్టెతో పళ్ళెం తుడవడం ఆపేశాడు. ఆపినట్టు కనబడకూడదని మళ్ళీ తుడిచాడు.

వైన్ కూజా బల్ల చుట్టూ తిరిగి అతని దగ్గరికొచ్చింది. పొడుగాటి సన్నటి ముక్కున్న గాజుకూజా. పెదవి తగలకుండా పైకెత్తి ధార నోట్లో పడేలా తాగాలి. ఆ ఊళ్ళో ఏడేళ్ళ పిల్లలకి కూడా వచ్చిన విద్య. ఆగస్టు అంతా తెల్లవారకముందే లేచి, పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర మంచినీళ్ళతో సాధన చేశాడు. చొక్కా తడిసేది, ముక్కులోకి పోయేది. ఇప్పుడు ఎత్తాడు, ధార పడింది, గుటక వేశాడు, దించాడు. ఒక్క చుక్క కింద పడలేదు. ఎడమచెయ్యి మోకాలి మీదే ఉంది.

"తెక్లమ్మగారి జోళ్ళు మీరే బాగుచేశారటగా?" అన్నాడు సదుర్ని.

"ఆఁ."

"గుమ్మంలో చూశాను. రెండు సూదులతో ఎదురెదురు కుట్టు. ఈ చుట్టుపక్కల అలా ఎవరూ కుట్టరే."

"మా నాన్న నేర్పాడు."

"ఏ ఊరు మీది?"

"లోపలికి ఉంటుంది. దూరం."

సదుర్ని తల ఊపాడు. నొక్కిపెట్టిన రెండు వేళ్ళకేసి చూసుకున్నాడు. "నాకూ ఉండేదో జత, సరిగ్గా అదే కుట్టుతో. పన్నెండేళ్ళు నడిచాను, ఒక్క పోగు ఊడలేదు. కొండ మీంచి వచ్చిన జత అది."

పొయ్యిలో కట్టె చిటపటమంది. తెక్లమ్మ లేచి వెళ్ళి, ఉడకని గిన్నె మీద మూత తీసి మళ్ళీ పెట్టింది.

"అప్పట్లో తోలు గట్టిది," అన్నాడు బల్దిరి.

మేడ ఎక్కాక కూడా ఆ మాటే చెవిలో తిరిగింది. కొండ మీంచి. ఆ మాట అన్నప్పుడు వాడు నవ్వాడా? నవ్వలేదు. నవ్వితే బాగుండును. నవ్వితే ఎకసెక్కం అనుకోవచ్చు. ఎర వేసేవాడు నవ్వడు, దారం కదిలేదాకా ఊపిరి బిగపట్టి కూచుంటాడు. పక్కగదిలో నీళ్ళు పోసిన చప్పుడు. రోజూ భోజనానికి ముందో తర్వాతో ఒక గ్లాసు నీళ్ళు గదిలోకి తెప్పించుకుంటాడు ఆ మనిషి. మొహం కడుక్కోడానికి చాలవు, దాహానికైతే వంటగదిలోనే తాగొచ్చు. మరెందుకు? డబ్బాలో ఏముంది? ఫాదర్లనీ సన్యాసుల్నీ వెతికి పట్టుకునే కమిటీ ఇచ్చిన బిళ్ళ అయ్యుంటుంది. లేదా పేర్లు.

*

మంగళవారం పొద్దున్న రోజులాగే బూటు అడుగుకి వేసే తోలు అట్టలు నానబెట్టడంతో మొదలుపెట్టాడు. ఊరి చర్చిలో ఇప్పుడు సైన్యానికి బూట్లు కుడుతున్నారు. గంటలు కరగడానికి పోయాయి, బెంచీలు వంటచెరకయ్యాయి. మిగిలిన రాతితొట్టి, పసిపిల్లలకి జ్ఞానస్నానం చేయించేది, తోలు నానడానికి సరిగ్గా సరిపోయింది. అందరికంటే ముందు వచ్చేది బల్దిరే కాబట్టి ఆ పని అతనిది. అట్టముక్కల్ని ఒక్కొక్కటే ముంచి, బుడగలు ఆగేదాకా వేళ్ళతో అదిమి పట్టేవాడు. మొదటివారం ఆ నీళ్ళలో చెయ్యి పెడితే మోచేతిదాకా జలదరించేది. తర్వాత ఆ జలదరింపు పోయింది. పోయినందుకు బాధపడ్డాడు. ఇప్పుడు ఆ బాధ కూడా పలచబడుతోంది.

"వచ్చాడండీ మన మామ," అన్నాడు ఫెలియు, పక్కపీట మీద కూచునే కుర్రవాడు. "మన ఆరె పదునెక్కిందా మామా? మన మైనం మిగిలిందా?"

మఠంలో నాది అన్న మాట లేదు. చెప్పులు మనవి, దుప్పటి మనది, పంటినొప్పి కూడా మనదే. మొదటిరోజు బల్దిరి తోలుకి చిల్లు పొడిచే సూది వెతుక్కుంటూ, నోరుజారి "మన ఆరె ఎక్కడ పెట్టాను" అంటే, సొంత ఆస్తి వద్దనే ఆ మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకుని మెచ్చుకున్నారు. అప్పటినుంచీ అది ఎగతాళి, గౌరవం రెండూనూ.

"మన పెళ్ళాం ఎక్కడుంది మామా, ఒక్కసారి చూపించవూ?"

"నీకు చూపిస్తే మనది కాకుండా పోతుంది," అన్నాడు బల్దిరి. పీటలన్నీ గొల్లుమన్నాయి. నవ్వించడం కూడా నేర్చుకున్నాడు.

దారానికి మైనం పట్టించి, రెండు చివర్లకీ పందివెంట్రుక మెలిపెట్టి సూదులు చేశాడు. బూటును మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టీ బిగించాడు. ఆరెతో పొడవడం, కుడిదారం ఇటు, ఎడమదారం అటు, రెండు చేతులూ రెక్కల్లా విప్పి లాగడం. ఈ పనిలోనే ఎడమచేతికి స్వేచ్ఛ. ఇక్కడ రెండు చేతులూ కలిసి లేవచ్చు, ఎవరూ అనుమానించరు. అందుకే సాయంత్రం పని అయిందని గూటంతో కొట్టి అందరూ లేచినా అతను ఇంకో జోడు మొదలుపెట్టేవాడు.

మార్సల్ పదిగంటలకి వచ్చాడు. బూట్ల పనికి పెద్ద అతనే, ఊరి కమిటీలోనూ ఒకడు. ఎవరిని ఇటుకబట్టీ దారికి లారీ ఎక్కించాలో తేల్చే అయిదుగురిలో ఒకడు. ఆ దారిన వెళ్ళినవాళ్ళు వెనక్కి రావడం ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చిన్నప్పుడు మార్సల్ కొండకి బొగ్గు మోసేవాడు. ఆగస్టులో ఒకరోజు పీటల మధ్య నిలబడి ఆ కథ చెప్పాడు. "బొగ్గు దింపాక సూప్ పోసేవాళ్ళు. లోపలికి తొంగి చూశాను. గడ్డాలున్న ముసలాళ్ళు నలభైమంది, గిన్నెలు ఇదిగో ఇలా." ఎప్పుడూ నమిలే సోపుకాడ నోట్లోంచి తీసి, రెండు చేతులూ దోసిలిపట్టి, కళ్ళు మూసుకుని చప్పరించి చూపించాడు. "పాలు తాగే పిల్లల్లా. నేనూ మా అన్నా ఆరు నెలలు ఇంట్లో అలాగే తాగి అమ్మచేత దెబ్బలు తిన్నాం." ఆ రోజు అందరూ కడుపుబ్బా నవ్వారు. బల్దిరి కూడా నవ్వాడు. ఎవరికైనా చెప్పుకోవాలనుకున్న పాపాల వరసలో అది రెండోది.

మొదటిది జూలైది. బాదంతోటలోంచి పరిగెడుతుంటే, నడవలేని ముసలి వంటవాడు బ్రదర్ సీమో వెనకనుంచి తన పేరు పిలిచాడు. ఒక్కసారే పిలిచాడు. తను ఆగలేదు.

"ఏం బల్దిరీ," అన్నాడు మార్సల్, కుట్టిన బూటు అందుకుని అట్టను వంచి చూస్తూ. "తెక్ల ఇంట్లో కొత్త మనిషి దిగాడటగా?"

ఆరె చిల్లులో ఉండగానే బల్దిరి చెయ్యి ఆగింది.

వీడికెలా తెలుసు? తెలియకేం, పంపినవాడికి తెలియదా. నా మీద కన్నేసి ఉంచమని వీడు కూచోబెట్టిన మనిషే వాడు. ఇప్పుడు నన్ను అడుగుతున్నాడు, వాడి గురించి నేనేమంటానో చూద్దామని. కడుపులో దాపరికమేమీ లేనివాడు ఏమంటాడు? వింతమనిషి కనబడితే వింతగా ఉన్నాడనే అంటాడు. నాకేం తెలియదంటే దాస్తున్నట్టు. బాగా తెలిసినవాడిలా వెనకేసుకొస్తే ఇంకా చెడ్డ. చెప్పాలి. చెబితే మార్సల్ లోపల నవ్వుకుంటాడు, తన మనిషి మీదే తనకి చాడీ వచ్చిందని. ఆ నవ్వుతో నేను బయటపడతాను.

ఇదంతా ఒక కుట్టు పడేంతలో అనుకున్నాడు.

"దిగాడు," అన్నాడు, దారం లాగుతూ. "దారాలు అమ్ముతానంటాడు. దారం సంగతి వాడికేం తెలియదు. చొక్కాలు కుట్టే పోగు చూపించి, బూటు అట్టకి పనికొస్తుందా అని నన్నే అడిగాడు. జేబులో పొగాకు డబ్బా ఉంది. పొగ తాగడు."

మార్సల్ నవ్వలేదు. సోపుకాడ నమలడం ఆపేశాడు.

"ఎన్నాళ్ళయింది వచ్చి?"

"గురువారం."

"మంచిది," అన్నాడు మార్సల్. బూటును జాగ్రత్తగా, పడుకున్న పిల్లిని దించినట్టు, పీట చివర పెట్టి వెళ్ళిపోయాడు.

బల్దిరి తర్వాతి చిల్లు పొడిచాడు. వంకర పోయింది. ఇరవై రెండేళ్ళలో అతని కుట్టు వంకర పోవడం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊడదీసి మళ్ళీ పొడిచాడు.

*

బుధవారం మధ్యాహ్నం వాళ్ళు వచ్చేసరికి ముగ్గురూ కుమ్ములో కాల్చిన ఉల్లిపాయలు వలుచుకుంటున్నారు. కమిటీ దళంవాళ్ళు ఇద్దరు, మెళ్ళో ఎర్రగుడ్డలు. వాళ్ళలో ఒకడి కాళ్ళకున్న బూట్లు బల్దిరి కుట్టినవే. తలుపు తియ్యడానికి లేచిన తెక్లమ్మ అక్కడే గోడకి ఆనుకుంది.

"దారాలాయనెవరు?"

"నేనే బాబూ," అన్నాడు సదుర్ని. "ఈ ఉల్లిపాయ తిననివ్వండి. పారేస్తే అమ్మగారు బాధపడతారు."

తిన్నాడు. వేళ్ళు తుడుచుకున్నాడు. బల్దిరి ఆ మొహాన్నే చూస్తున్నాడు, తెర వెనక ఏముందో వెతికేవాడిలా. బాగా ఆడుతున్నారు, అనుకున్నాడు. రెక్క పట్టుకోవడంలో గట్టితనం లేదు. వీళ్ళు వీణ్ణి వీధి చివరిదాకా తీసుకెళ్ళి భుజం తట్టి వదిలేస్తారు. నేనిప్పుడు కంగారుపడి ఏదైనా అంటానేమోనని ఈ నాటకం. వీడు నా మొహం చూస్తాడు చూడు, ఇదిగో ఇప్పుడు.

సదుర్ని చూశాడు. ఆ చూపులో అడగడం లేదు, నింద లేదు. ఒక మనిషి కోసం వచ్చి, తలుపు మూసి ఉంటే, మళ్ళీ వస్తానని వెనుదిరిగే చుట్టం చూపులా ఉంది. తర్వాత తెక్లమ్మ వైపు తిరిగాడు.

"పిండిడబ్బా మూత సరిగ్గా పెట్టుకోండమ్మా. పురుగు పడుతుంది."

"అలాగే," అంది తెక్లమ్మ.

జోళ్ళు వేసుకోడానికి వంగి, చేతిగుడ్డ కోసం కాబోలు, కోటు జేబులోకి చెయ్యి పెట్టబోయాడు. రెండోవాడు తుపాకి మడమతో ఆ చేతిని గుమ్మం చెక్కకేసి కొట్టాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడయింది. సదుర్ని అరవలేదు. లోపలికి పీల్చిన ఊపిరి మాత్రం ఎంతకీ బయటికి రాలేదు. జేబు తిరగేశారు. చేతిగుడ్డ, రెండు దారపు ఉండలు. డబ్బా లేదు.

ఆ ఊపిరి నాటకం కాదు. బల్దిరికి తెలిసిపోయింది. తోలు మీద గాటుకీ గీతకీ తేడా తెలిసినట్టు తెలిసింది. సదుర్ని చెయ్యి వేలాడుతోంది. చూపుడువేలు పక్కకి తిరిగిపోయింది. బొటనవేలు దాన్ని వెతుక్కుంటూ వణుకుతోంది, ఎలాగైనా దగ్గరికి చేరాలని.

*

గురువారం పొద్దున్న తెక్లమ్మ పిండి పిసుకుతోంది. బల్ల మీద బల్దిరికి రొట్టె పెట్టలేదు. అతను కూచోలేదు కూడా.

"ఆయన్ని ఎక్కడ ఉంచారు?"

"పాత బళ్ళో. ఆ దళంవాళ్ళ బట్టలు నేనే ఉతుకుతాను, ఆ మాత్రం తెలియదా." ఆవిడ పిండిని తిరగేసి కొట్టింది. "ఇవాళ సాయంత్రం కమిటీ కూచుంటుంది. నోరు విప్పలేదట. ఏం చెయ్యాలో రేపు పొద్దున్నకి తేలుస్తారు. తేల్చేదేముంది, లారీలో నూనె ఉంటే చాలు."

"ఆయనెవరు, తెక్లమ్మా?"

ఆవిడ చేతులాగాయి. మోచేతులదాకా పిండి. మొదటిసారిగా అతని మొహంలోకి తిన్నగా చూసింది.

"నీకోసం వచ్చినవాడు."

బల్దిరి బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇంటింటికీ తిరిగి దాక్కున్నవాళ్ళని వెతుక్కుంటున్నాడు ఆ ఫాదర్. డబ్బాలో సత్ప్రసాదం పట్టుకుని. ఇచ్చివచ్చాక వేళ్ళకి పొడి అంటుకుని ఉంటుందని, కడుక్కునేదాకా ఆ రెండు వేళ్ళూ విప్పడు. కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యడు, తాగేస్తాడు. రోజూ గ్లాసు నేనే ఇచ్చాను."

కొండమీద బ్రదర్ల చోటు చర్చిలో అడ్డుతెరకి వెనక. పూజలో ఫాదర్ల వీపులే కనిపిస్తాయి. ఇరవై రెండేళ్ళు ఆ వీపులు చూశాడు. చేతులు చూడలేదు.

"నా సంగతి ఆయనకెవరు చెప్పారు?"

"నా జోళ్ళు చెప్పాయి. నన్నడిగాడు, ఈయన కొండవాడా అని. నాకేం తెలుసు, మీరే అడగండన్నాను. బెదిరిన పిట్ట దగ్గరికి నడిచి వెళ్ళకూడదమ్మా, గింజలు చల్లి కూచోవాలి అన్నాడు. ఆరు రోజులు నీ ఎదురుగా కూచుని గింజలు చల్లాడు, నాయనా."

"నీకు తెలుసా, నేను..."

"వచ్చిన మొదటిరోజే. గడ్డం గీసినచోట చర్మం పాలమీగడలా ఉంది. బల్ల మీద రొట్టెపొడి ఏరి నోట్లో వేసుకున్నావు. పెరట్లో కూజాతో నీ తిప్పలు కిటికీలోంచి చూసి నవ్వుకునేదాన్ని."

"మరి ఒక్కమాట చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? మూడు నెలలు నా చేతికూడు తిన్నావు. ఒక్కపూట నమ్మావా?"

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ దించలేదు.

"నేనే చెప్పాను," అన్నాడు బల్దిరి. "మార్సల్‌కి. డబ్బా సంగతి కూడా."

తెక్లమ్మ అతన్ని తిట్టలేదు. కత్తి తీసుకుని, గుండ్రంగా చేసిన పిండిముద్ద మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసింది, వాళ్ళమ్మా అమ్మమ్మా గీసినట్టే. జూలై తర్వాత రోజూ చేస్తున్నట్టే, అరచేత్తో ఆ శిలువను చెరిపి నున్నగా చేసింది. తర్వాత పిండిడబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి పొగాకు డబ్బా తీసి బల్ల మీద ఉంచింది. మూత తీసింది. తెల్లటి గుడ్డ మడతల్లో సత్ప్రసాదపు పలచటి రొట్టెబిళ్ళ ఒకటే మిగిలింది, గోరంత.

బల్దిరి మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. నోట్లో నీరూరింది. అది చూసి సిగ్గేసింది. ఆకలి కూడా ఇంత తిన్నగా ఉంటుందా అనుకున్నాడు.

"తీసుకో. నీకోసమే దాచాడు."

చెయ్యి చాపాడు. మూత వేశాడు.

"నేను తీసుకోకూడదు. ముందు ఫాదర్‌కి పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చెయ్యాలి."

"ఎవరి దగ్గర చేస్తావు? వినేవాణ్ణే పట్టించావుగా," అంది తెక్లమ్మ. గొంతులో కోపం లేదు. పిండికి తడి చాల్లేదన్నట్టు అంది.

అతను డబ్బాను ఆవిడ వైపు జరిపాడు.

"ఆయన వస్తే ఇవ్వు."

*

మార్సల్ గది చర్చి లోపలే ఉంది. ఒకప్పుడు ఫాదర్లు పూజబట్టలు కట్టుకునే గది. మధ్యాహ్నం భోజనాలవేళ. గుమ్మంలో తుపాకి కుర్రాడొకడు రొట్టె తింటున్నాడు. ఫెలియు పూర్తయిన బూట్లు చేతులనిండా తెచ్చి గోడవార పేరుస్తున్నాడు. మార్సల్ కూచున్న బల్ల మీద నీళ్ళకూజా, పిడిలేని వెడల్పాటి మట్టిగిన్నె.

"ఏం, ఆరె విరిగిందా?" అన్నాడు మార్సల్. "ఎల్లుండికి నలభై జతలు పోవాలి. నువ్వు లేకపోతే ఈ ఫెలియుగాడు ఎడమకాళ్ళే నలభై కుడతాడు."

"మన ఎడమకాళ్ళు," అన్నాడు ఫెలియు.

"దారాలాయన గురించి నేను చెప్పింది కొట్టెయ్," అన్నాడు బల్దిరి.

మార్సల్ తలెత్తాడు. "అబద్ధం చెప్పావా?"

"చెప్పింది నిజమే. చెప్పిన కారణం వేరు. నువ్వు నా వైపు చూస్తావేమోనని ఆయన వైపు వేలు చూపించాను."

"నీ వైపు నేనెందుకు చూస్తాను?"

"నేను కొండ మీంచి వచ్చాను. అక్కడ ఇరవై రెండేళ్ళు చెప్పులు కుట్టాను."

ఫెలియు పకపకా నవ్వాడు. "మన మామ సన్నాసా?" ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి చేతిలో బూటు చూసుకుంటూ ఆగిపోయాడు. గుమ్మంలో కుర్రాడు నమలడం మానేశాడు.

మార్సల్ సోపుకాడ బల్ల మీద పెట్టాడు. "ఇట్లాంటివాళ్ళని చూశాను బల్దిరీ. కావలసినవాణ్ణి విడిపించుకోడానికి ఏదో ఒకటి నెత్తిన వేసుకుంటారు. అదే అయితే వాడు నిజంగానే పెద్దవాడన్నమాట. అప్పుడు ఇద్దరూ పోతారు."

"నిజమైతే?"

"నిజమైతే వాడి మీద నా దగ్గరున్నది ఒక పిరికివాడి మాట. దానికోసం మనిషిని పట్టి ఉంచను, ఈ సాయంత్రమే వదిలేస్తాను." చూపు దించుకున్నాడు. "కాని నిజం కాదు. నీకు ఒంట్లో బాగాలేదు."

"నిజమే."

"సరే, అనుకుందాం. చెప్పులు కుట్టేవాడివి. వాళ్ళు పుస్తకాలు చదువుకుంటూ కూచుంటే నువ్వు చాకిరీ చేశావు. నన్ను మోసం చేశారు, వెట్టిచాకిరీ చేయించుకున్నారు అని సాయంత్రం అందరి ముందూ చెప్పు. అయిపోతుంది. పనివాణ్ణి ఎవడూ ముట్టుకోడు. నేను చూసుకుంటాను."

బల్దిరి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అబద్ధమాడకూడదు కాబట్టి. చలికాలం ఉదయాల్లో గడ్డకట్టిన మైనం, ఊపిరితో వెచ్చబెట్టుకున్న సూదులు, ఎవరూ మెచ్చుకోని నలభై జతలు. బ్రదర్ సీమో తన భాగం సూప్‌లో నానిన రొట్టెముక్కను మాటలేకుండా బల్దిరి గిన్నెలోకి జార్చడం.

"చాకిరీ అనిపించలేదు," అన్నాడు.

గదిలో ఈగ ఒకటి కూజా అంచున వాలి, లేచింది. మార్సల్ లేచి నిలబడ్డాడు. ఈ మనిషికా నేను మూడు నెలలు భయపడింది? ఇటు చూడకుండా ఉంటే చాలని వంద రకాలుగా లెక్కలు వేసింది? మార్సల్ మొహంలో కోపం లేదు. బొగ్గుబస్తా బరువు మీద పడ్డ పిల్లాడి మొహంలా ఉంది.

"నేనేమీ వినలేదు," అన్నాడు. "ఫెలియూ, నువ్వూ వినలేదు. ఈయన గొంతు ఆరిపోయి ఏదేదో అంటున్నాడు." కూజా వంచి గిన్నె నింపాడు. నీళ్ళు అంచు దాటి బల్ల మీద పారాయి. గిన్నెను బల్దిరి ముందుకి తోశాడు. "తాగు. తాగి నీ పీట దగ్గరికి పో."

బల్దిరి గిన్నె వైపు చూశాడు. కొండమీది గిన్నెలాంటిదే, అదే మట్టి, అదే అంచు. నీళ్ళలో కిటికీ ముక్క కదులుతోంది.

కుడిచెయ్యి గిన్నెను తాకింది. పక్కన వేలాడుతున్న ఎడమచెయ్యి కదిలింది. మార్సల్ దాన్ని చూశాడు. బల్ల మీదికి వంగి, గుమ్మంలోవాళ్ళకి వినబడకుండా, బతిమాలుతున్నట్టు అన్నాడు:

"ఒంటిచేత్తో తాగు, బల్దిరీ."

ఫెలియు చూస్తున్నాడు. తుపాకి కుర్రాడు చూస్తున్నాడు. ఆగస్టులో మార్సల్ దోసిలిపట్టి చూపించినప్పుడు వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు, పొట్టలు పట్టుకుని నవ్వారు.

బల్దిరి ఎడమచేతిని ఆపలేదు. అది తన దారి తనకి తెలిసినదానిలా లేచి వచ్చి గిన్నెకి అవతలివైపు ఆనింది. రెండు అరచేతుల మధ్యా మట్టి చల్లగా ఉంది. గిన్నెను నెమ్మదిగా, చుక్క తొణక్కుండా పైకెత్తి, కళ్ళు మూసుకుని తాగాడు.